పెళ్ళి బడ్జెట్‌లో రాయడం మర్చిపోయే ఖర్చులు: విశాఖ వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇంట్లో మూడు పెళ్ళిళ్ళకి డబ్బుల సంచి నా భుజానికే తగిలించారు. మొదట మా చెల్లిది, తర్వాత బావమరిదిది, ఈమధ్యే అన్నయ్య కూతురిది. మూడింటికీ మూడు నోటుబుక్కులు ఉన్నాయి. ముందు పేజీల్లో వేసుకున్న అంచనా ఒకటి, వెనక పేజీల్లో తేలిన లెక్క ఇంకొకటి. ఆ తేడా హాలు దగ్గరా బంగారం దగ్గరా రాలేదు. అవి ముందే నలుగురూ కూర్చుని బేరమాడినవి. తేడా అంతా అసలు పేరే లేని ఖర్చుల్లో వచ్చింది. అప్పటినుంచి చుట్టాల్లో ఎవరింట్లో ముహూర్తం పెట్టుకున్నా నాకు ఫోన్ వస్తుంది. ఆ ఫోన్లలో పదే పదే అడిగేవి ఇవి.

పెద్ద ఖర్చులన్నీ రాసేసుకున్నాం. ఇంకా ఏం మిగిలి ఉంటుంది?

మీరు మాట్లాడుకున్న ప్రతి పనికీ ఎదురుగా ఇంకో గడి గీసుకుని, పైన "ఇందులో రానిది" అని రాయండి. హాలాయన, వంటాయన, డెకరేషన్ వాళ్ళు, ఫోటోగ్రాఫర్ అందరూ ఏమేం ఇస్తారో చక్కగా చెప్తారు. ఏది ఇవ్వరో మనం అడిగితేనే చెప్తారు. అది వాళ్ళ తప్పని నేను అనను, అడగడం మన పని. ఆ గడి నిండితే సగం దొరికినట్టే. మిగతా సగం పెళ్ళి రాత్రి చేతిలోంచి చేతిలోకి పోయే నోట్లలోనూ, పెళ్ళయ్యాక ఏడాది పొడుగునా వచ్చే పండగల్లోనూ ఉంటుంది.

ఫంక్షన్ హాలుకి అద్దె చెప్పేశారు. కరెంటు, నీళ్ళు అన్నీ అందులోనే కదా?

చాలాచోట్ల కావు. మీటరు రీడింగు మీరు హాల్లోకి వెళ్ళేటప్పుడు ఒకసారి, ఖాళీ చేసేటప్పుడు ఒకసారి తీసి, యూనిట్లకి విడిగా కట్టించుకుంటారు. జనరేటరుకి గంట లెక్క, డీజిల్ లెక్క వేరు. ఏసీ ఎన్ని గంటలు వేస్తారో ముందే ఒక హద్దు ఉంటుంది, అది దాటితే అదనం. ఊడ్చి శుభ్రం చేసినందుకు ఒక మొత్తం, చెత్త తీసుకెళ్ళేవాళ్ళకి ఇంకొంత, వేసవిలో అయితే నీళ్ళ ట్యాంకరు. బయటి వంటవాళ్ళనో బయటి డెకరేషన్ వాళ్ళనో తెచ్చుకుంటే దానికీ డబ్బు తీసుకునే హాళ్ళున్నాయి. గోడకి మేకు కొట్టారనీ, మెట్ల మీద పసుపు మరకలు పోలేదనీ డిపాజిట్‌లో కోసేవి కూడా ఉన్నాయి. వీటన్నిటి పైన, బిల్లు ఇస్తే అద్దె మీద 18 శాతం జీఎస్టీ. చెప్పిన అద్దె జీఎస్టీతో కలిపా, కలపకుండానా అన్నది అడ్వాన్సు ఇచ్చేరోజే తేల్చుకోండి.

మా అన్నయ్య కూతురి పెళ్ళి రాత్రి రెండు దాటాక కరెంటు పోయింది. పీటల మీద పిల్లా పిల్లాడూ ఉన్నారు, సూత్రధారణకి ఇంకా అరగంట ఉంది. జనరేటరు కుర్రాడు వచ్చి, డీజిల్ అయిపోవచ్చింది, ఇంకో నాలుగు గంటలకి తెప్పించాలి, డబ్బులివ్వండి అన్నాడు. ఒప్పందంలో ఎన్ని గంటలకి మాట్లాడారో కాగితంలో ఎక్కడా లేదు. మేనేజరు ఫోను ఎత్తడం లేదు. ఆ టైములో బేరం ఎవరాడతారు? అడిగినంతా ఇచ్చాను. నా నోటుబుక్కులో ఆ పేజీ మీద ఇప్పటికీ డీజిల్ మరక ఉంది. మీటరు రీడింగునీ, జనరేటరు డీజిల్ మట్టాన్నీ ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోమని నేను అందరికీ చెప్పేది ఆ రాత్రి నుంచే.

ముహూర్తం అర్ధరాత్రి దాటాక పడింది. దానికీ బడ్జెట్‌కీ ఏం సంబంధం?

చాలా ఉంది. తెల్లవారుజామున రెండున్నరకి ముహూర్తమైతే మీ పెళ్ళి రెండు తేదీల మీద పడినట్టు. హాలు అద్దె ఏ గంట నుంచి ఏ గంట దాకా అన్నది మొదటి ప్రశ్న. ఉదయం ఆరుకే ఖాళీ చెయ్యాలంటే అప్పగింతలు హడావుడైపోతాయి, లేదంటే రెండో రోజు అద్దె కట్టాలి. ఫోటో, వీడియో వాళ్ళకి రెండు షిఫ్టులు. రాత్రంతా టీ, కాఫీ. పొద్దున్నే ఉప్మా అయినా పెట్టాలి కదా. కార్ల డ్రైవర్లకి రాత్రి బేటా. పంతులుగారినీ మేళం వాళ్ళనీ తెల్లారి ఇంటికి చేర్చే బండి.

ఇంకో సంగతి. మూఢం, ఆషాఢం, భాద్రపదం, పుష్యం పోగా పెళ్ళిళ్ళకి మిగిలే రోజులు తక్కువ. మంచి ముహూర్తం ఒక్క రోజే ఉంటే ఆ రోజు వంటవాళ్ళకీ, మేళానికీ, పూలకీ, కార్లకీ అన్నిటికీ రేటు పెరుగుతుంది. పూర్ణా మార్కెట్లో ముందురోజు ఉదయం అడిగిన మల్లెపూల ధర సాయంత్రానికి ఉండదు. పంతులుగారు రెండు ముహూర్తాలు ఇస్తే జనం ఎగబడని దాన్ని ఎంచుకోండి, పిల్లకీ పిల్లాడికీ సరిపడిందే అయితే. సింహాచలం కొండ మీదో, గోపాలపట్నం వైపో పెళ్ళి చేసేవాళ్ళు వైశాఖంలో అక్షయ తృతీయ నాటి చందనోత్సవాన్ని కూడా చూసుకోవాలి. ఆ రోజు ఆ దారిలో మీ చుట్టాల బస్సు కదలదు.

భోజనాలకి 500 మంది అనుకున్నాం. 500 ప్లేట్లే కదా?

కాదు. 500 మంది అన్నది ఒక్క పూట విందుకి. ఒక మామూలు పెళ్ళి లెక్క వేసి చూపిస్తాను. ఫోటో, వీడియో వాళ్ళు ఆరుగురు, మేళం ఎనిమిది మంది, డెకరేషన్ కుర్రాళ్ళు పదిమంది, డ్రైవర్లు పదిమంది, లైటింగు, జనరేటరు, హాలు మనుషులు ఆరుగురు. ఇక్కడికే 40. వీళ్ళంతా తింటారు, తినాలి కూడా. ముందురోజు రాత్రి దగ్గర చుట్టాలు 80 మంది. పెళ్ళి రోజు పొద్దున్న టిఫిన్లు రెండు వైపులా కలిపి 120. మర్నాడు పొద్దున్న మిగిలిన వాళ్ళకి 100. అంటే 500 అని రాసుకున్న చోట 840 ప్లేట్లు అయ్యాయి. టిఫిన్ ప్లేటు ధర తక్కువే కానీ, లెక్కలోకి రాకుండా పోయేంత తక్కువ కాదు.

ప్లేట్లు ఎవరు లెక్కపెడతారన్నది ఇంకో పేచీ. వడ్డన మొదలయ్యే ముందు ఖాళీ ప్లేట్ల కట్టలు లెక్కపెట్టి, అయ్యాక మిగిలినవి లెక్కపెట్టడం ఒక పద్ధతి. దానికి మీ వైపు నుంచి ఒక కుర్రాణ్ణి వంటశాల దగ్గరే నిలబెట్టాలి. వాడికి పెళ్ళి చూసే యోగం ఉండదు, తర్వాత ఏదైనా కొనిపెట్టండి. అరిటాకు బంతి అయితే వడ్డించేవాళ్ళు ఎక్కువమంది కావాలి, వాళ్ళ కూలి వేరు. బఫేలో మనుషులు తక్కువ, పారేసేది ఎక్కువ.

ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలు, అలంకరణకి వాడే థర్మాకోల్ 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధం. కాబట్టి స్టేజీ మీద థర్మాకోల్ అక్షరాలతో పేర్లు పెడతామని ఎవరైనా అంటే వద్దనండి. పోక మట్ట ప్లేట్లూ, అరిటాకులూ, కాగితం గ్లాసుల ధర ముందే రాసుకోండి.

విడిది కూడా మేమే చూడాలి. గదులు బుక్ చేశాం, ఇంకేం కావాలి?

గది అద్దె చెక్‌ఇన్ టైము నుంచి లెక్క. మీ వియ్యాలవారు హైదరాబాద్ నుంచి రాత్రి రైలెక్కి తెల్లవారేసరికి విశాఖ స్టేషన్లో దిగుతారు. లాడ్జిలో గది మధ్యాహ్నం పన్నెండుకి ఇస్తామంటారు. మగపెళ్ళివారిని ఆరు గంటలు లాబీలో కూర్చోబెట్టలేం కదా, ముందురోజు నుంచే బుక్ చేసుకోవాలి. మా చెల్లి పెళ్ళికి ఇది తెలియక ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఒక లాడ్జిలో ఒక్క గది తీయించి, పదకొండుమంది అందులోనే వంతులవారీగా స్నానాలు చేశారు. ఆ మాట మా బావగారి పెద్దమ్మ ఇప్పటికీ ఎత్తుతుంది. డిసెంబరు, జనవరిల్లో అరకు వెళ్ళే టూరిస్టులతో ఊరు నిండిపోతుంది కాబట్టి అప్పుడు గదుల రేటూ వేరే, దొరకడమూ కష్టమే. విడిదిలో సబ్బులు, దువ్వెనలు, అద్దం, కొబ్బరినూనె, ఇస్త్రీ పెట్టె, దోమల బిళ్ళలు, తాగునీళ్ళ టిన్నులు, పిల్లలకి పాలు... ఇదంతా ఒక చిన్న కిరాణా బిల్లు. చిన్నదే, కానీ ఎవరూ రాయరు.

బస్సు మాట్లాడాం, దాంట్లో ఏమైనా దాక్కుని ఉంటుందా?

ఆర్టీసీ బస్సు అద్దెకి తీసుకుంటే ముందు డిపాజిట్ కట్టాలి. కిలోమీటర్లూ గంటలూ మాట్లాడుకున్నదాని కన్నా పెరిగితే అందులోంచి పట్టుకుంటారు. ప్రైవేటు బస్సయితే డ్రైవరు, క్లీనరు బేటా, టోలు మనదే. శ్రీకాకుళం నుంచి వచ్చే బస్సుకి నాతవలస టోలు రాకకీ పోకకీ పడుతుంది. ముఖ్యంగా వెయిటింగు. అప్పగింతలు ఎప్పుడూ చెప్పిన టైముకి అవ్వవు.

పంతులుగారికి సంభావన మాట్లాడేశాం. పీటల దగ్గర ఇంకా డబ్బు ఎందుకు కావాలి?

నన్నడిగితే ఈ కాగితంలో అన్నిటికన్నా జాగ్రత్తగా చదవాల్సింది ఇదే.

పెళ్ళి తంతులో ప్రతి ఘట్టానికీ ఒక మనిషి, ఒక పళ్ళెం, ఆ పళ్ళెంలో కొంత దక్షిణ ఉంటుంది. రాట వేసేటప్పుడు ఆ పని చేసేవాళ్ళకి. ఐరేని కుండలు తెచ్చిన కుమ్మరికి. పెళ్ళికొడుకుని చేసేటప్పుడు మంగలికి. స్నాతకంలో, కాశీయాత్రలో బావమరిదికి బట్టలు. తలంబ్రాల పళ్ళెం, అడ్డుతెర పట్టుకున్నవాళ్ళకి ఏదో ఒకటి. కన్యాదానం అయ్యాక వేదం చదవడానికి వచ్చిన బ్రాహ్మలకి విడిగా సంభావన. బిందెలో ఉంగరం తీసే సరదాకి ఉంగరం. గుమ్మం దగ్గర పేర్లు చెప్పించేటప్పుడు ఆడపడుచులకి. చెప్పులు దాచిన మరదళ్ళ సంగతి చెప్పక్కర్లేదు, వాళ్ళతో బేరం మీ వల్ల కాదు.

సామాను జాబితా వేరే. పంతులుగారు ఇచ్చే చీటీలో బియ్యం, కొబ్బరికాయలు, పసుపుకొమ్ములు, ఖర్జూరం, తమలపాకులు, వక్కలు, నెయ్యి, సమిధలు ఉంటాయి. మధుపర్కాలు, బాసికాలు, గొడుగు, పావుకోళ్ళు, చేతికర్ర, మెట్టెలు, నల్లపూసలు కొన్నిసార్లు ఆ చీటీలో ఉండవు, మీకు తెలుసుకదా అని వదిలేస్తారు. చీటీ రాగానే ఇంట్లో పెద్దావిడ ఎవరిచేతనైనా చదివించండి. వరుసలూ ఆనవాయితీలూ ఇంటికొకటి, కులానికొకటి. నేను చెప్పినవన్నీ మీకు ఉండకపోవచ్చు, నాకు తెలియనివి మీకు నాలుగుండొచ్చు.

ఇప్పుడు చిల్లర సంగతి. మా అన్నయ్య కూతురి పెళ్ళికి వారం ముందు బ్యాంకుకెళ్ళి పది, ఇరవై, యాభై, వంద నోట్లు ఒక్కో కట్ట తెచ్చాను. కట్టకి వంద నోట్లు కాబట్టి 1,000, 2,000, 5,000, 10,000. అంతా కలిపి 18,000. పెద్ద మొత్తాలన్నీ విడిగా కవర్లలో పెట్టి, పైన పేరు రాసి, అంటించేశాను. పది కట్ట రాత్రి పదకొండుకే అయిపోయింది. సూత్రధారణ అయ్యాక సన్నాయాయన నా పక్కకొచ్చి, "బాబూ, తాళి కట్టడం అయిపోనాది, మరి మా సంగతేటి?" అన్నాడు. మాట్లాడిన డబ్బు కవరు ఇచ్చాను. కవరు జేబులో పెట్టుకుని కూడా కదల్లేదు. గట్టిమేళం వాయించినందుకు పైన వేరే ఇవ్వడం ఉందట. పక్కనే వియ్యాలవారు చూస్తున్నారు. అప్పుడు నా దగ్గర అయిదొందల నోట్లు తప్ప ఏం లేవు. చిల్లర లేకపోతే ఇలాగే ఉంటుంది, యాభై ఇవ్వాల్సిన చోట అయిదొందలు పోతాయి.

ఆడపడుచు లాంఛనాలు బడ్జెట్‌లో ఎలా రాయాలి? అడగడానికి మొహమాటంగా ఉంది.

ముందు చట్టం సంగతి. 1961 వరకట్న నిషేధ చట్టం ప్రకారం కట్నం తీసుకోవడమే కాదు, ఇవ్వడమూ నేరమే. శిక్ష అయిదేళ్ళకి తగ్గని జైలు, 15,000 రూపాయలు గానీ కట్నం విలువ గానీ ఏది ఎక్కువైతే దానికి తగ్గని జరిమానా. అడక్కుండా ప్రేమతో పెట్టే కానుకలకి చట్టం అడ్డు రాదు, కానీ వాటి జాబితా రాసి పెట్టుకోవాలని 1985లో నియమాలు వచ్చాయి. ఏ కానుక, సుమారు విలువ ఎంత, ఎవరిచ్చారు, వాళ్ళకేం అవుతారు అన్నవి రాసి వధూవరులు సంతకం పెట్టాలి. ఈ జాబితా రాసేవాళ్ళని నేను వేళ్ళ మీద లెక్కపెట్టగలను.

అందుకని "లాంఛనాలు" అన్న పేరుతో ఒక మొత్తం అడిగితే దాన్ని బడ్జెట్‌లో ఎక్కడ రాయాలో నేను చెప్పను. అది రాయాల్సిన ఖర్చు కాదు. ఆడపడుచుకి చీర పెట్టడం, అత్తగారికి పట్టుచీర, తోటికోడలికి వెండి కుంకుమభరిణె ఇలాంటి పెట్టుబడులు మాత్రం ఎంతమందికి, ఏ స్థాయిలో అన్నది తాంబూలాలనాడే రెండు వైపుల ఆడవాళ్ళూ కూర్చుని మాట్లాడుకోవడం మంచిది. మొహమాటపడి వదిలేస్తే పెళ్ళి ముందురోజు సాయంత్రం "ఆవిడకి పెట్టి ఈవిడకి పెట్టలేదు" అంటారు. అప్పుడు జగదాంబ సెంటర్లో షాపు మూసే టైముకి పరిగెత్తి కొన్న చీర ఎప్పుడూ ఖరీదైనదే అవుతుంది.

బట్టల ఖర్చు ఎందుకు పెరుగుతుంది?

చీర ధర రాస్తాం, చీర కట్టుకోవడానికి అయ్యేది రాయం. జాకెట్టు కుట్టుకూలి, లైనింగు, ఫాల్, పికో, కుచ్చులు, లంగా. పెళ్ళికూతురి మగ్గం వర్కు జాకెట్టు ఒక్కోసారి చీర ధరని దాటేస్తుంది. చీర కట్టించి జడ వేసే అమ్మాయికి నిశ్చితార్థం, పెళ్ళి, రిసెప్షన్ మూడూ వేరువేరు లెక్కలు, తెల్లవారుజామున రావాలంటే బండి కూడా. మగవాళ్ళ షేర్వానీలు అద్దెకి తెస్తే డిపాజిట్, మరక పడితే కోత.

బంగారం రేటు చూసి బడ్జెట్ వేసుకున్నాం. సరిపోతుందా?

పేపర్లో కనిపించేది గ్రాము రేటు. షాపులో బిల్లుకి తరుగు, మజూరీ, వస్తువుకి ఇంతని హాల్‌మార్క్ రుసుము, 3 శాతం జీఎస్టీ కలుస్తాయి. తరుగు నగ పనిని బట్టీ షాపుని బట్టీ మారుతుంది కాబట్టి బేరమాడాల్సింది దాని మీదే. కురుపాం మార్కెట్లో నాలుగు కొట్లు ఒకే వీధిలో ఉంటాయి, ఒకే డిజైను నాలుగుచోట్ల అడిగి చూడండి. పాత బంగారం మారిస్తే రాళ్ళ బరువు, కరిగింపులో పోయేది తీసేస్తారు. 2 లక్షలు దాటితే పాన్ అడుగుతారు. ఒక మనిషి దగ్గర ఒకే వేడుకకి సంబంధించి 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోవడం ఆదాయపన్ను చట్టం ఒప్పుకోదు, కాబట్టి హాలుకైనా కేటరింగుకైనా పెద్ద మొత్తాలు బ్యాంకు ద్వారానే ఇవ్వండి.

రుషికొండ వైపు బీచ్‌లో చేద్దామని పిల్లలు అంటున్నారు. ఖర్చు తక్కువే కదా, హాలు అద్దె ఉండదు?

హాలు అద్దె ఉండదు కానీ హాల్లో ఉండేవన్నీ మీరే మోసుకెళ్ళాలి. నేల మీద పరుపు, స్టేజీ, కుర్చీలు, జనరేటరు, తాత్కాలిక మరుగుదొడ్లు, నీళ్ళు, చేతులు కడుక్కునే చోటు. సముద్రపు గాలికి పూల డెకరేషన్ నిలబడదు, ఇనుప ఫ్రేములకి బరువులు కట్టాలి. హోమం అగ్ని నిలవడానికి నాలుగు వైపులా అడ్డు కావాలి. స్థలం ఎవరిదో చూసి అనుమతులు తెచ్చుకోవాలి, రిసార్ట్ లాన్ అయితే ఆ పని వాళ్ళే చూసుకుంటారు, దానికి తగ్గట్టు తీసుకుంటారు.

వాన సంగతి ఈ ఊరివాళ్ళకి చెప్పాలా? హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం, కార్తీకం పెళ్ళిళ్ళ కాలం, రెండూ ఒకటే. ఆరుబయట పెట్టుకునేవాళ్ళు పక్కన ఒక కప్పున్న చోటు అడ్వాన్సు ఇచ్చి ఉంచుకోవాలి. ఆ అడ్వాన్సు వృథా అయితే సంతోషించండి. వైశాఖం, జ్యేష్ఠంలో వాన బెడద తక్కువ కానీ ఉక్క. కూలర్లు, ఐసు దిమ్మలు, మజ్జిగ, విసనకర్రలు రాసుకోండి. ఈ ఉక్కలో రాత్రి వంటకం పొద్దున్నకి ఉండదు, కాబట్టి మిగిలింది మర్నాడు టిఫిన్‌కి సర్దుదామన్న ఆశ వద్దు.

ఊరేగింపుకీ డీజేకీ ఏమైనా కట్టాలా?

పోలీసుల అనుమతి ముందుగా తీసుకోండి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట మైకులు వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెప్తున్నాయి. పదికి ఆగిపోయే డీజేకి పన్నెండు దాకా డబ్బు ఇవ్వకండి. పాటలు వేసినందుకు రాయల్టీ కట్టమని ఎవరైనా వస్తే, పెళ్ళి వేడుకలకీ ఊరేగింపుకీ కాపీరైట్ చట్టంలోనే మినహాయింపు ఉంది. కేంద్రం 2023లో ఆ సంగతి మళ్ళీ స్పష్టం చేసింది కూడా.

పెళ్ళితో ఖర్చు అయిపోతుందా?

ఆడపిల్ల తల్లిదండ్రుల్ని అడగండి, నవ్వుతారు.

మొదటిది సారె. ఉత్తరాంధ్రలో సారె అంటే రెండు స్వీట్ బాక్సులు కాదు. అరిసెలు, లడ్డూలు, కాజాలు, జంతికలు, చలిమిడి, బెల్లం గవ్వలు బుట్టలకి బుట్టలు వెళ్ళాలి, అత్తారింటివాళ్ళు వీధిలో ఇంటింటికీ పంచాలి. ఎన్ని ఇళ్ళున్నాయో వియ్యపురాలిని ముందే అడిగి లెక్క కట్టండి. మా చెల్లి అత్తారింటివాళ్ళది స్టీల్ ప్లాంట్ క్వార్టర్స్. రెండు బ్లాకులు అనుకుని పంపితే నాలుగు బ్లాకులకి పంచుతారట. మళ్ళీ చేయించి పంపాం. మాడుగుల హల్వా కూడా పెట్టాలనుకుంటే అది కిలోల్లో చూసేసరికి బరువైన వస్తువే, జేబుకి.

తర్వాత సత్యనారాయణ వ్రతం. అన్నవరం వెళ్ళి చేసుకుంటామంటే ఇక్కడి నుంచి దాదాపు 120 కిలోమీటర్లు, రెండు మూడు బండ్లు, వ్రతం టికెట్టు, కొండ మీద గది, దారిలో టిఫిన్లు, చివర్లో అందరికీ ప్రసాదం పొట్లాలు. ఆ తర్వాత పదహారు రోజుల పండగ, అమ్మాయికీ అల్లుడికీ బట్టలు, మళ్ళీ ఒక విందు. ఆషాఢంలో అమ్మాయి పుట్టింటికి వస్తుంది, తీసుకురావడానికి ఒకసారి, పంపడానికి ఒకసారి. శ్రావణంలో మంగళగౌరి నోము, మొదటి ఏడాది పుట్టింట్లో. అది అయిదేళ్ళు. అట్లతద్ది. దీపావళికి అల్లుడికి పిలుపు.

ఇక సంక్రాంతి. కొత్త అల్లుడు మొదటి సంక్రాంతికి వస్తే బట్టలు, పిండివంటలు, ఇంకా ఏదైనా ఒక వస్తువు, కనుమకి కోడికూర, అతనితోపాటు వచ్చిన తమ్ముడికి కూడా బట్టలు. మాఘంలో పెళ్ళయితే ఈ ఖర్చుకి దాదాపు ఏడాది ఉంది. మార్గశిరంలో అయితే నెలలోనే సంక్రాంతి. మా బావమరిది పెళ్ళి మార్గశిరంలో అయింది. అతనికి మావగారు పెట్టిన సంక్రాంతి బట్టల్ని చూసి నాకే జాలేసింది. ఆయన అప్పటికింకా వంటవాళ్ళ బాకీ తీర్చుకుంటున్నాడు.

ఈ మొదటి ఏడాది పండగల డబ్బుని పెళ్ళి బడ్జెట్‌లో కలపొద్దు. వేరే ఖాతాలో వేసి, పెళ్ళి అయ్యేదాకా ముట్టుకోకండి. ఎవరైనా చీటీ కడుతుంటే దాన్ని పెళ్ళికి పాడకుండా దీనికి ఉంచుకోవడం నయం.

చదివింపులు వస్తాయి కదా, కొంత పూడదా?

పూడుతుంది కానీ దాన్ని నమ్ముకుని ఖర్చు పెట్టొద్దు. వచ్చేది పెళ్ళి అయ్యాక, ఇవ్వాల్సింది పెళ్ళిలోనే. పైగా చదివింపుల పుస్తకం అంటే నా దృష్టిలో అప్పుల పుస్తకమే. ఫలానావారు ఇంత చదివించారు అని రాసింది రేపు వాళ్ళింట్లో పెళ్ళికి అంతకి తక్కువ కాకుండా తిరిగి ఇవ్వాలి. ఆ పుస్తకం పారేయకండి. వధూవరులకి పెళ్ళి సందర్భంగా వచ్చిన కానుకల మీద ఆదాయపన్ను లేదు, ఎవరిచ్చినా సరే. తల్లిదండ్రుల చేతికి వచ్చిన వాటికి ఆ మినహాయింపు వర్తించదు కాబట్టి కవర్ల మీద పిల్లల పేర్లు ఉంటే మంచిది. రాయడానికి ఇద్దర్ని కూర్చోబెట్టండి, ఒకరు రాయాలి, ఒకరు డబ్బు పట్టుకోవాలి. ఒక్కరే రెండూ చేస్తే భోజనాల వేళ లెక్క తప్పుతుంది.

శుభలేఖలు, రిటర్న్ గిఫ్టులు, ఆల్బమ్?

కార్డు ధర కన్నా పంచడానికి అయ్యే పెట్రోలు ఎక్కువ. మొదటి కార్డు ఆశీల్‌మెట్ట సంపత్ వినాయకుడి దగ్గరా, బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దగ్గరా పెట్టి వచ్చాక గాజువాక, మధురవాడ, భీమిలి, అనకాపల్లి తిరగాలి, పెద్దవాళ్ళకి బొట్టు పెట్టి చీర పెట్టి పిలవాలి. మూడు కార్డులు మాత్రం దాచండి, పెళ్ళి రిజిస్ట్రేషన్‌కి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడుగుతారు. తాంబూలం సంచులు మనుషుల లెక్కన కాకుండా కుటుంబాల లెక్కన కొనండి. ఆల్బమ్‌లో పేజీలు పెరిగితే, వీడియోకి హార్డ్ డిస్క్ అడిగితే అదనం. ఎన్ని పేజీలో కాగితం మీద రాయించుకోండి.

మొత్తం మీద ఎంత అదనంగా పెట్టుకోవాలి?

నేనైతే బడ్జెట్‌లో పదో వంతు పక్కన పెడతాను, పండగల ఖాతా కాకుండా. ఇది నా మూడు నోటుబుక్కుల అనుభవం మాత్రమే, సూత్రం కాదు. పెద్ద హోటల్లో అన్నీ కలిపి మాట్లాడుకున్నవాళ్ళకి తక్కువ చాలు, ఊర్లో ఇంటిముందు పందిరి వేసి చేసేవాళ్ళకి ఇంకా ఎక్కువ కావాలి. పందిరి పెళ్ళి చవక అనుకుంటారు గానీ, అక్కడ ప్రతి పనికీ వేరే మనిషి.

డబ్బుల సంచి ఎవరి చేతిలో ఉండాలి?

పెళ్ళికూతురి నాన్న చేతిలో ఉండకూడదు. ఆయన పీటల మీద ఉంటాడు, కన్నీళ్ళతో ఉంటాడు, ఎవరడిగినా కాదనలేడు. బాబాయో, మేనమామో, లెక్కల్లో గట్టివాళ్ళు ఒకరు. వాళ్ళు పంచె కాకుండా జేబులున్న ప్యాంటు వేసుకోవాలి, నవ్వకండి, అనుభవం. ఇచ్చిన ప్రతిసారీ పేరు, మొత్తం, టైము రాయాలి.

టెంట్ హౌస్ వాళ్ళు సామాను తగ్గిందని డబ్బు అడుగుతున్నారు. ఇవ్వాలా?

సామాను దింపినప్పుడు ఎవరు లెక్కపెట్టారు? ఎవరూ లెక్కపెట్టకపోతే ఇవ్వక తప్పదు. గంగాళాలు, గరిటెలు, బకెట్లు, జంపఖానాలు, స్టీలు గ్లాసులు దింపేటప్పుడే చీటీ ముందు పెట్టుకుని లెక్కపెట్టి సంతకం చేయండి, ఎక్కించేటప్పుడూ అంతే. మా అన్నయ్య ఇంటికి పెళ్ళయిన మూడో రోజు టెంట్ హౌస్ కుర్రాడు వచ్చాడు. రెండు గరిటెలు, ఒక బకెట్, పద్నాలుగు గ్లాసులు తక్కువన్నాడు. నేను లెక్కపెట్టలేదు కాబట్టి మారు మాట్లాడకుండా కట్టాను. సంక్రాంతికి ఆ కొత్త అల్లుడి ఇంటికి వెళ్తే, మాకు మంచినీళ్ళు అవే గ్లాసుల్లో ఇచ్చారు. అడుగున టెంట్ హౌస్ పేరు చెక్కి ఉంది.